ఇంకో ఆర్నెల్లు ఆగితే...

మా ఇంట్లో ఒక్క కంప్యూటరు మార్చడానికి జరిగినంత తర్జనభర్జన మా ఆడపడుచు పెళ్ళికి కూడా జరగలేదంటే నమ్మండి.

"ఇంకో ఆర్నెల్లు ఆగితే ఇదే డబ్బుకి ఇంతకంటే వేగమైనది వస్తుంది" అంటారు మావారు. 2019 నుంచీ ఇదే మాట. అబద్ధమనడానికీ లేదు. తర్వాత ఇంటెల్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరైన గోర్డన్ మూర్, చిప్పు మీద పట్టే భాగాలు ఏటేటా రెట్టింపవుతాయని 1965లోనే రాశాడు. 1975లో దాన్ని రెండేళ్ళకోసారి అని సవరించుకున్నాడు. అది చదివిన దగ్గర్నుంచీ మావారి వాయిదాలకి శాస్త్రప్రమాణం దొరికింది. ఆగిన కొద్దీ మంచిదే వస్తుంటే కొనే రోజెప్పుడొస్తుంది, మీరే చెప్పండి? చీరల షాపులో "ఇంకా చూపించు" అంటూ కూర్చుంటే షాపు మూసే వేళవుతుంది గానీ చీర ఇంటికి రాదు కదా!

మా అబ్బాయిది ఎదురు పక్షం. "అమ్మా, నీది 2016 నాటిది. మ్యూజియంలో పెట్టాలి" అంటాడు. కొత్తొక వింత, పాతొక రోత. వాడికి ఆటలాడుకునే వేగం కావాలి. నా నవలకి అంత వేగం దేనికి? నా కథానాయిక కన్నీళ్ళు తుడుచుకోవడానికే మూడు పేజీలు పడుతుంది.

అయినా 2019లో ఆ కంప్యూటరు నన్ను నిజంగానే ఏడిపించింది. స్విచ్చి వేసి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. రిపేరు కుర్రాడొచ్చి మూత విప్పి చూశాడు.

"ప్రాసెసరుకేం ఢోకా లేదు మేడమ్. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం తిరగాలి, ముల్లు వెతకాలి. ఆలస్యమంతా అక్కడే. తిరిగేవేవీ లేని ఎస్.ఎస్.డి. వేసి, నాలుగు జీబీ ర్యామ్ ఎనిమిది చేద్దాం" అన్నాడు.

కుళాయి కారుతోందని ఇల్లు పడగొట్టబోయానన్నమాట! ఆ మరమ్మతుతో ఆరేళ్ళు గడిచాయి. మూడు నవలలు రాశాను. కంప్యూటరు నాకోసం కాచుకున్నంత కాలం దాన్ని కదపనక్కర్లేదనీ, నేనే దానికోసం కాచుకోవలసి వస్తే ఎక్కడ అడ్డుపడిందో ముందు చూడాలనీ అప్పుడు తెలిసింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే నా ప్రాసెసరు దానికి పనికొచ్చే వాటి జాబితాలో లేదు. వేగం తగ్గకపోయినా గొళ్ళెం ఊడిన తలుపు వెనక కాపురమైంది. కోరినవాళ్ళకి ఇంకో ఏడాది పొడిగింపు ఉందనగానే మావారి ముఖం వెలిగిపోయింది. "బ్యాంకు లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఈసారి ఆగేది లేదు" అన్నాను.

అన్నానే గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా మొదటి నవల పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది. అచ్చయిన పుస్తకం సంగతి కాదు. మా అమ్మ పోయే ముందు ఏడాది పక్కన కూర్చుని, "ఏ తల్లీ ఇలా మాట్లాడదే" అంటూ చెబుతుంటే నేను దిద్దుకున్న ప్రతి. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల్ని కూర్చుకున్నవి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అమ్మ మాటలన్నీ పిచ్చిగీతలే. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉన్న యూనికోడ్‌లోకి మారిస్తే గానీ కొత్త ఇంట్లో వాటికి చోటు లేదు.

మార్చాను. వత్తులు చాలాచోట్ల దారి తప్పాయి. మూడు వారాలు వరసన కూర్చుని ప్రతి వాక్యం సరిచూశాను. ఇన్నేళ్ళ తర్వాత అమ్మ మళ్ళీ పక్కన కూర్చున్నట్టే ఉంది. ఒకచోట ఆవిడ మార్చమన్న మాట నేను మొండికేసి మార్చలేదు. ఇప్పుడు మార్చాను.

ఆ తర్వాతే కొత్త కంప్యూటరు కొన్నాం. పాతదానికి ఇంటర్నెట్టు తీగ పీకేసి మూల బల్ల మీద ఉంచాను. మ్యూజియం అనండి, దేవుడి గూడు అనండి, మీ ఇష్టం.

నెల తిరక్కుండానే మావారు పేపరు పట్టుకొచ్చారు. "చూశావా? అదే ధరకి ఇంకా వేగమైనది!"

చూడలేదు. అప్పటికే కొత్త నవల నాలుగో ప్రకరణంలో ఉన్నాను.