గాఢత

గాఢ నిద్ర, గాఢ స్నేహం, ప్రగాఢ సానుభూతి. బి.ఏ. తెలుగు చదివిన నాకు ‘గాఢత’తో ఉన్న పరిచయం అంతవరకే. అది నిమ్మరసానికీ ఉంటుందని మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ పుస్తకం చూశాకే తెలిసింది.

దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ‘కాన్సన్‌ట్రేషన్ పెరిగితే రేట్ పెరుగుతుంది’ అని అదే వాక్యం వల్లె వేస్తోంది. ఎందుకు పెరుగుతుందే అంటే, “పరీక్షలో ఎందుకని అడగరమ్మా” అంది. నాకు ఒళ్ళు మండింది.

రెండు గాజు గ్లాసుల్లో చెరో చెంచా ముగ్గు వేశాను. మేం వాడేది సున్నపురాయి పొడి. ఒక గ్లాసులో అచ్చంగా నిమ్మరసం పోశాను. రెండోదాన్లో కాస్త రసం, మిగతా నీళ్ళు. మొదటిది బుస్సుమని నురగ కట్టింది. రెండోదాన్లో ఏవో చిన్న చిన్న బుడగలు. కాసేపటికి మొదటిదీ నెమ్మదించింది, పులుపు ఖర్చైపోతూ వచ్చింది కదా మరి. 1850లో విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆమ్లం కలిపిన చక్కెర నీళ్ళలో ఇదే కొలిచాడట. చక్కెర తరిగేకొద్దీ చర్య వేగమూ అదే లెక్కన తగ్గిందట.

అణువులు ఒకదానికొకటి తగిలితేనే చర్య. పండక్కి బస్టాండులో జనం ఎక్కువైతే భుజాలు ఎక్కువ తగులుతాయి, ఇదీ అంతే. అయితే తగిలిన ప్రతివాళ్ళతో మనం గొడవ పడంగా! అణువులైనా తగినంత ఊపుతో, సరైన వైపు నుంచి తగలాలి.

“మరి రెట్టింపు పోస్తే వేగం రెట్టింపవుతుందా?” అన్నాను. అప్పుడు అది మొదటిసారి పుస్తకం మూసి చెప్పింది. కొన్నిట్లో రెట్టింపు, కొన్నిట్లో నాలుగింతలు, కొన్నిట్లో అసలు మారదట. బాగా కాగిన ప్లాటినం మీద అమ్మోనియా విడిపోవడం ఆ మూడో రకం. ఆ లోహం మీద చోటంతా నిండిపోయాక, ఇంకెంత అమ్మోనియా పంపినా వేగం పెరగదు. బయట వరసలో నిలబడాల్సిందే.

ఆ మాట చెప్పి ఆగిపోయింది. “మా రాత్రి స్టడీ అవర్ లాగానేమ్మా” అంది.

పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెడతారు. ఈ నెల నుంచి పదకొండు చేశారు. తొమ్మిది దాటాక ఏదీ ఎక్కదట, కళ్ళు మాత్రం పేజీ మీద ఉంటాయట. ఇంటి నుంచి వెళ్ళొస్తానని రెండు నెలలుగా అడుగుతోంది. ఫీజు కట్టేశాం, ప్రయాణంలో గంటన్నర దండగ అని మావారి వాదన. నా మటుకు నాకు, దాని చెంపలు లోపలికి పోయిన తీరు చూశాక ఫీజు లెక్క పట్టలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకి అమ్మోనియా సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, “ఆ ప్లాటినం రేకు పెద్దది చేస్తే వేగం పెరుగుతుంది కదా?” అన్నారు. నిజమే, పెరుగుతుంది. నాకేం పాలుపోలేదు.

“పెరుగుతుంది నాన్నా. కానీ నాకు నిద్ర సరిపోవట్లేదు” అంది, ఇక అమ్మోనియా ఊసెత్తకుండా.

ఆయన అన్నంలో మజ్జిగ పోసుకుని చాలాసేపు కలుపుతూ కూర్చున్నారు. తర్వాత, కాలేజీ వైపు పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికని నన్ను అడిగారు.