వెండి కార్డు - సిరోంచ రేవు

జనవరి నెలాఖరున ఎయిర్‌లైన్స్ వారి నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే కాగితం కాదు లెండి, సెల్‌ఫోన్లో మెయిలు. "మీ సిల్వర్ హోదా మార్చి 31తో ముగుస్తుంది. నిలుపుకోవడానికి ఇంకా నాలుగు ప్రయాణాలు మాత్రమే చేయవలసి ఉంది" అని దాని సారాంశం. ఆ "మాత్రమే" అన్న మాట ఎంత తియ్యగా ఉందో చూడండి! మా బ్యాంకు నుంచి బాకీదారులకు వెళ్ళే నోటీసుల్లో ఈ తియ్యదనంలో సగం ఉన్నా వసూళ్ళు ఇంకాస్త బాగుండేవి.

మూడేళ్ళపాటు ఇన్‌స్పెక్షన్ పని మీద ఊళ్ళు తిరగడం వల్ల వచ్చిన హోదా అది. నిరుటి నుంచి ముంబయి ఆఫీసులో కుర్చీకే పరిమితమయ్యాను. కాబట్టి ఆ నాలుగు ప్రయాణాలూ సొంత డబ్బుతోనే చేయాలి. ఒక ఆదివారం పొద్దున ఢిల్లీ వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే రెండు, మరో ఆదివారం అలాగే చేస్తే ఇంకో రెండు. లెక్క వేస్తే దాదాపు ఇరవై ఆరు వేలు తేలింది.

"ఢిల్లీలో మీకేం పని?" అంది మా శ్రీమతి.

"పనేం లేదు. వెళ్ళి రావడమే పని."

"ప్రయాణాలు చేసినందుకు కార్డు ఇచ్చారా, కార్డు కోసం ప్రయాణాలు చేస్తారా? అంతగా ఎగరాలని ఉంటే హైదరాబాదు దాకా ఎగరండి. పాతికేళ్ళ నుంచీ చెబుతున్న ఆ సిరోంచ ఏదో నాకు చూపించండి."

అలా ఫిబ్రవరిలో మేమిద్దరం బయలుదేరాం. నాలుగులో రెండు ప్రయాణాలు దీంతో తీరతాయి, మిగతా రెండింటి సంగతి వచ్చాక చూసుకోవచ్చునని నా లోపలి గుమాస్తా సర్దిచెప్పాడు.

సిరోంచ ఎక్కడుందని అడిగే పాఠకులు చాలామంది ఉంటారు. మహారాష్ట్ర పటంలో ఆగ్నేయ మూలకు వేలు జార్చండి. గడ్చిరోలి జిల్లా అడుగున, ప్రాణహిత ఒడ్డున, అది గోదావరిలో కలిసే చోటికి కాస్త ఎగువన కనిపిస్తుంది. నదికి అవతల మన కాళేశ్వరం. విమానం మాట అటుంచండి, ఊరికి రైలు కూడా లేదు. సొంత జిల్లా కేంద్రమైన గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. సంతకు వచ్చే మాడియా గోండుల మాటలు వేరు. అక్కడి పిల్లలు మూడు నాలుగు భాషలు నోట పెట్టుకుని పెరుగుతారు.

శంషాబాద్ నుంచి కారులో హనుమకొండ, పరకాల, భూపాలపల్లి, మహాదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలను, కాలుణ్ణీ ముక్తీశ్వరుణ్ణీ, దర్శించుకున్నాం. తర్వాత కారు వంతెన ఎక్కింది. నాలుగైదు నిమిషాల్లో గోదావరి దాటి మహారాష్ట్రలో ఉన్నాం. "ఇంతేనా?" అంది మా ఆవిడ. ఆ "ఇంతే" వెనక ఎంత ఉందో ఆమెకు చెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

నేను తెనాలిలో బి.కాం. చదివి, బ్యాంకు పరీక్ష రాసి ఆఫీసరునై, 1997లో సిరోంచకు పోస్టింగు మీద వెళ్ళాను. మహారాష్ట్ర అనగానే మరాఠీ వాచకం కొనుక్కుని మరీ నాగపూర్‌లో దిగాను. చంద్రపూర్, ఆళ్ళపల్లి మీదుగా ఎర్ర ఎస్టీ బస్సులో ఒళ్ళు హూనమై దిగేసరికి టీ కొట్టాయన "యాడికెల్లి అచ్చిండ్రు సారూ?" అన్నాడు. వాచకం పెట్టెలోనే ఉండిపోయింది.

తెలుగు అక్కడికి ఎలా వచ్చిందని అడిగేవాణ్ణి. అది ఎటూ రాలేదు, గీతలే దాని చుట్టూ జరిగాయి. 1860లో ఇంగ్లీషువారు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పరచి సిరోంచను దానికి ముఖ్య పట్టణం చేశారు. అప్పట్లో ఆ ఊరి మీద ఆశలు పెద్దవి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర, గోదావరి మీద పడవలు నడిపి మధ్య పరగణాల పత్తిని సముద్రానికి దించవచ్చని తలపోశాడు. రాతి అడ్డంకుల దగ్గర కాలువలు తవ్వించే పనులూ సాగాయి. ఖర్చు పెరిగింది, రైలు వచ్చింది, 1871లో పనులు ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేశారు. సిరోంచ చాందా జిల్లాలో ఒక తహసీలుగా మిగిలింది. 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి, 1982లో చంద్రపూర్ నుంచి విడదీసిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు జిల్లా కేంద్రమన్న హోదా అనుభవించి పోగొట్టుకున్న ఊరది. ప్రాణహిత గట్టు మీద దొరల కాలపు బంగళా ఒకటి ఆ రోజులకు గుర్తుగా ఉంది. హోదా పోయాక కూడా ఊరు ఊరుగానే ఉంది, నది నదిగానే ఉంది.

ఇంకా పాత సంగతి కావాలంటే, ఈ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర 1958-61 మధ్య ఒక భారీ రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. రవీంద్రుని శతజయంతి జ్ఞాపకంగా 1975లో దానికి బరపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు. ఎముకలు కూర్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టారు. సిరోంచ నుంచి అంత దూరం వెళ్ళి అంత పేరు తెచ్చుకున్న జీవి మరొకటి లేదేమో.

ఇక నేను చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ఆ రోజుల్లో గోదావరి మీద వంతెన లేదు. అవతలికి నావలోనే వెళ్ళాలి. పొద్దుగూకితే నావ కట్టేసేవారు. వానాకాలం నది పొంగితే అదీ లేదు.

మా శాఖలో ఒక అలిఖిత నియమం ఉండేది. తునికాకు కంట్రాక్టరో, కలప వ్యాపారో వస్తే మేనేజరు గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వారి పని లోపలే ముగించి పంపేవాళ్ళం. డిపాజిట్లు పెద్దవి కదా! మిగతా జనం బయట వరుసలో నిలబడేవారు. ఒకనాడు మేనేజరు సెలవులో ఉంటే ఆ కుర్చీలో నేనున్నాను. మధ్యాహ్నం ఒక కంట్రాక్టరు వచ్చాడు. డ్రాఫ్టులు చాలా ఉన్నాయి. ఉన్న ఇద్దరు గుమాస్తాలనూ వాటి మీదే కూర్చోబెట్టాను.

వరుసలో ఒక అవ్వ ఉంది. ఆరు వందలు తీసుకోవాలి. అవతలి ఒడ్డున కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చిందట. "బిడ్డా, నావ పోతది" అని రెండుసార్లు తలుపు దగ్గరకు వచ్చి చెప్పింది. "కూర్చో అవ్వా, అయిపోయింది" అని రెండుసార్లూ నేనే అన్నాను. ఆమె చేతికి డబ్బు అందేసరికి చీకటి పడుతోంది. రేవు దాకా పరుగెత్తి తిరిగొచ్చింది. ఆ రాత్రి మా బ్యాంకు వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది. నేను అన్నం తెప్పించి ఇచ్చాను. తిన్నది. నన్నొక్క మాట అనలేదు.

నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఆ రాత్రే మనుమడు పుట్టాడట, తల్లీ బిడ్డా క్షేమం. "మీకే ముందుగాల చెప్పాలని అచ్చిన సారూ" అంటూ జిలేబీ పొట్లం నా బల్ల మీద పెట్టింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

ఇదంతా ప్రాణహిత గట్టు మీద కూర్చుని మా శ్రీమతికి చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే ఆ కంట్రాక్టరు దగ్గర ఉన్నది కూడా వెండి కార్డే అన్నమాట" అంది.

వెనక్కి వస్తూ కారులో కాగితం మీద జమాఖర్చు రాశాను. కామర్స్ చదివినవాడి రోగం కుదిరేది అలాగే కదా! జమ వైపు: నిరుడు ఈ కార్డు మీద అదనపు సామాను తీసుకెళ్ళింది రెండుసార్లు. ముందు వరుస కౌంటరు వల్ల కలిసొచ్చింది మహా అయితే ఒక్కొక్కసారి పది నిమిషాలు, అదీ సామాను అప్పగించే రోజునే. మిగతా రోజుల్లో బోర్డింగ్ పాసు ఇంటి దగ్గరే ఫోన్లోకి వచ్చేస్తుంది. లౌంజ్‌లో ఇడ్లీ తిందామంటే మొదటి మెట్టువారికి అది సాధారణంగా ఉండదు. స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోనూ అంతే: సిల్వర్‌కు దక్కేది వెయిటింగ్ లిస్టులో కాస్త ప్రాధాన్యం, లౌంజూ అదనపు సామానూ గోల్డ్‌కు. ఎంత ధారాళంగా లెక్కగట్టినా సాలుకు మూడు వేలు మించలేదు. ఖర్చు వైపు: మిగిలిన రెండు ప్రయాణాలకు పదమూడు వేలు, ఒక ఆదివారం.

పైగా ఈ హోదా మన ఆస్తి కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో ఇలాంటి పథకం మొదలుపెట్టింది, తర్వాత ప్రపంచమంతా పాకింది. మన దేశంలో కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఎక్కడానికి విమానమే లేనప్పుడు ముందు వరుసకు అర్థమేముంది? విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు అటు బదిలీ అయ్యాయి, నియమాలు మాత్రం అటువారివే. సిరోంచ జిల్లా హోదాలాగే, ఇచ్చినవారే తీసుకోగలరు.

అయితే అందరికీ నా లెక్క వర్తించదు. ఆఫీసు ఖర్చు మీద నెలకు రెండుసార్లు తిరిగేవారికి కార్డు దానంతటదే నిలుస్తుంది, ఉంచుకోండి. పిల్లలు విదేశాల్లో ఉండి, ఏటా ఆవకాయ జాడీలతో వెళ్ళే తల్లిదండ్రులకు, కార్డు మీద అదనపు సామాను ఇస్తుంటే అది నిజంగా డబ్బే. గోల్డ్‌కు దగ్గరలో ఉన్నవారి సంగతి వేరు. చూసుకోవలసింది ఒక్కటే: ఎలాగూ చేయవలసిన ప్రయాణాలతో వస్తే హోదా లాభం, దానికోసమే టిక్కెట్టు కొంటే నష్టం. ఇదివరకు పెట్టిన ఖర్చు ఎటూ తిరిగి రాదు, దాన్ని చూసి కొత్త ఖర్చు పెట్టకూడదు. మొండి బాకీలకు మళ్ళీ అప్పిచ్చి మేం నేర్చుకున్న పాఠమే ఇది.

శంషాబాద్‌లో తిరుగు విమానానికి ముందు వరుసలోనే వెళ్ళాను. అబద్ధమెందుకు, కార్డు అప్పటికి చెల్లుతోంది. కాకపోతే ఈసారి వెనక్కి తిరిగి పక్క వరుస ఎంత పొడుగుందో చూశాను. పసిపిల్లతో ఒకామె నిలబడి ఉంది. మా శ్రీమతి నా మొహం చూసి, ఆమెను మా ముందుకు పిలిచింది. కౌంటరు అమ్మాయి ఏమీ అనలేదు.

ఢిల్లీ టిక్కెట్లు కొనలేదు. మార్చి 31 వచ్చింది, వెళ్ళింది. ఏప్రిల్‌లో మళ్ళీ మెయిలు: మీ హోదా మారింది, ఇప్పుడు మీరు సాధారణ సభ్యులు. చదివినప్పుడు కాస్త చివుక్కుమన్న మాట నిజం. ఇంకొన్నేళ్ళలో రిటైరయ్యాక ఆఫీసరుగారన్న పిలుపు కూడా ఇలాగే ఒక తేదీన ఆగుతుంది కదా, ఇది దానికి రిహార్సలు అనుకున్నాను.

మిగిలిన పదమూడు వేలు మా ఆవిడ విడిగా డిపాజిట్ చేయించింది. 2027లో గోదావరి పుష్కరాలు. ఈసారి పిల్లలతో కలిసి కాళేశ్వరంలో స్నానం చేసి, వంతెన దాటి, సిరోంచలో ఆ టీ కొట్టు ఇంకా ఉందేమో వెతకాలని మా ఆలోచన. ఆ వైపు రావాలనుకునే మన సంఘం సభ్యులెవరైనా ఉంటే చెప్పండి, కలిసే వెళ్దాం.