బొడ్డు దగ్గర నొప్పి

బడి బస్సు వచ్చే వేళకే 'అమ్మా.. కడుపునొప్పి' అంటాడు పిల్లాడు. ఎక్కడ్రా అంటే బొడ్డు మీద చెయ్యి పెడతాడు. నాయనమ్మ వామునీళ్లు తాగించి దిష్టి తీస్తుంది. 'లెక్కల పరీక్ష ఉందిగా' అని నాన్న నవ్వేస్తాడు. పదింటికల్లా వాడు బంతి పట్టుకుని వీధిలో ఉంటే ఆయన అనుమానం ఇంకా గట్టిపడుతుంది. స్కానింగూ, రక్తపరీక్షలూ చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయంటారు. మరి ఇదంతా నటనేనా?

కానే కాదు. ఇంగ్లండులో జాన్ యాప్లీ అనే పిల్లల వైద్యుడు, నైష్‌తో కలిసి వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలించి 1958లో ఫలితాలు ప్రకటించాడు. పదిమందిలో ఒకరికి ఈ నొప్పి మళ్లీ మళ్లీ వస్తోందని తేలింది. చాలామందిలో పేగులో పుండూ ఉండదు, పురుగూ ఉండదు. పేగు నుంచి మెదడుకు కబురు మోసే నరాలు అతి సున్నితమై, కాస్త గ్యాసు కదిలినా దాన్ని నొప్పిగా చెబుతాయి. దిగులు దాన్ని ఇంకా పెంచుతుంది. నొప్పి మాత్రం నిజం.

ఇది వీణ్ని వదులుతుందా అన్నదే తల్లి బెంగ. పాత అధ్యయనాలన్నీ కలిపి డచ్ పరిశోధకులు 2008లో లెక్క తీస్తే, అయిదేళ్లు గడిచినా నూటికి 29 మందికి నొప్పి మిగిలింది. అంటే పదిమందిలో ఏడుగురు బయటపడ్డట్టే. అయితే అమెరికాలో వాండర్‌బిల్ట్ పరిశోధకులు ఇలాంటి పిల్లల్ని ఇరవయ్యేళ్ల వయసు దాకా గమనించారు. వాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆందోళన జబ్బుతో బాధపడ్డారని 2013లో చెప్పారు. నొప్పి లేని పిల్లల్లో ఆ లెక్క అయిదుగురికి ఒకరే. కాబట్టి కడుపు కుదుటపడినా మనసు మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

అక్కడే 2006లో ఓ ప్రయోగం జరిగింది. పిల్లలతో కడుపు ఉబ్బేదాకా నీళ్లు తాగించారు. కొందరు తల్లిదండ్రులు 'ఎలా ఉంది నాన్నా, నొప్పిగా ఉందా' అని అడుగుతూ కూర్చున్నారు. ఇంకొందరు వేరే కబుర్లలోకి దించారు. మొదటి జట్టు పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, రెండో జట్టువి సగానికి పడిపోయాయి. విచిత్రమేమంటే, మాట మళ్లిస్తే పిల్లాడి మనసు కష్టపడుతుందని పెద్దలు భయపడ్డారు. నొప్పితో బాధపడే పిల్లలేమో దానివల్లే హాయిగా ఉందన్నారు! నాయనమ్మ, అత్తయ్య, పక్కింటి పిన్నిగారు గంటకోసారి 'తగ్గిందా' అని అడిగే మన ఇళ్లలో ఇది వంటబట్టడం కష్టమే. 'నొప్పి నిజమే నాన్నా, కాసేపట్లో తగ్గుతుంది' అని ఒక్కసారి చెప్పి బస్సెక్కించడానికి తల్లికి చాలా గుండె నిబ్బరం కావాలి.

బరువు తగ్గుతున్నా, మలంలో నెత్తురు కనిపించినా, పచ్చటి వాంతులైనా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, బొడ్డుకు దూరంగా ఒకేచోట నిలిచినా మాత్రం ఈ కబుర్లేవీ పనికిరావు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.