బస్తర్ రథం, మన మిషన్లు

బస్తర్‌లోని జగదల్‌పూర్ దసరా 75 రోజుల పండుగ. దానికి ఏటా కొత్త రథం కడతారు: ఓ ఏడాది నాలుగు చక్రాలది, మరుసటి ఏడాది ఎనిమిది చక్రాలది. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగుల వంతు ఆ పని. గొడ్డలి, బాడిశ, ఉలి... తరతరాలుగా వాళ్ల చేతికి అలవాటైనవి ఇవే.

సరదాకి చెక్కపని పట్టిన నగరవాసి ఇంట్లోనేమో జిగ్‌సా, రౌటర్, సాండర్, రెండు డ్రిల్లులు. ఒక కంపెనీ బ్యాటరీ కొంటే చాలు, అది సరిపోయే మిషన్లన్నీ వరసగా వచ్చేస్తాయి. గాడి తీయడంలో రౌటర్ వేగం ఉలికి రాదు, నిజమే. కానీ చాలామంది మంచి ఉలికి పదును పెట్టడం నేర్చుకోకుండానే నాలుగో మిషన్ కొంటున్నారు. అదే బాధ.

మిషన్ల కన్నా ముందు చేతికి నేర్పు రావాలి. బస్తర్ ప్రాంతంలోనే, నారాయణ్‌పూర్ జిల్లా గఢ్‌బెంగాల్ శిల్పి పండిరామ్ మండావి 12వ ఏటే చెక్కపని పట్టారు. 2025లో పద్మశ్రీ అందుకున్నారు.