కోరమీసాల స్వామి ఊళ్లో.. ఎర్రదీపం!

కురవి అనగానే కోరమీసాలే గుర్తొస్తాయి. మానుకోట, మరిపెడ, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట మొక్కు మొక్కినా అది వీరభద్రస్వామి దాకా రావాల్సిందే. మహాశివరాత్రికి స్వామి కల్యాణం, జాతర. 2017 శివరాత్రినాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి స్వామికి బంగారు మీసాలు సమర్పించడంతో ఊరి పేరు టీవీల్లో మార్మోగింది. నిజానికి కురవికి పేరు రావడం కొత్తేమీ కాదు. ముదిగొండ చాళుక్యులు ఏలిన కొరవి ఇదే! పదో శతాబ్దపు కొరవి శాసనం తెలుగు వచనంలో దొరికిన తొలినాటి శాసనాల్లో ఒకటి.

ఇలాంటి ఊరికి అమ్మ, అక్క, బావ, నేను ఒక ఆదివారం బయల్దేరాం. మోకాలి ఆపరేషన్ తర్వాత తన కాళ్లతో నడిచొచ్చి దర్శనం చేసుకుంటానని అమ్మ మొక్కు. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో డాక్టరు దగ్గర చెకప్. కాబట్టి రాత్రికల్లా ఇల్లు చేరాలి.

మరిపెడ బంగ్లా దాటాం. రోడ్డుకు అటూ ఇటూ మిర్చి కల్లాలు.. ఎర్రటి తివాచీ పరిచినట్టే. చూస్తూ ఉండగానే కారు లోపల మరో ఎరుపు! స్టీరింగ్ వెనక బ్యాటరీ బొమ్మ ఉన్న లైటు. ఒకసారి వెలుగుతుంది, ఒకసారి ఆరుతుంది. ఏసీ కట్టేసి, పాటలు ఆపేసి, మెల్లగా కురవి చేరాం. ‘బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది వేయిద్దాం’ అన్నాడు బావ. పదిహేనేళ్ల పాత పెట్రోలు కారు మరి.

రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు. ముందు రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో. మెకానిక్‌కు నలభై ఏళ్లుంటాయేమో. ‘బ్యాటరీ నా దగ్గర లేదు సారూ. ఉన్నా ఇప్పుడే ఇయ్య’ అన్నాడు. గల్లాపెట్టె దగ్గర ఇలాంటి మాట విని ఎన్నాళ్లయింది!

మీటరు తీసి బ్యాటరీకి పెట్టాడు. ఇంజిను ఆపి ఉంటే 12.4 వోల్టులు. ఛార్జింగ్ నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది పర్వాలేదు. ఇంజిను స్టార్ట్ చేస్తే మీటరు 14 దాకా ఎక్కాలి. పాత కార్లలో 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆరోగ్యం. మాది ఎక్కకపోగా 12.1కి దిగింది. ‘చూసిండ్రా.. బ్యాటరీ మంచిగనే ఉంది. దానికి బువ్వ పెట్టేటోడే పండుకున్నడు’ అన్నాడు.

ఆ బువ్వ పెట్టేది ఆల్టర్నేటర్. షెడ్డుల్లో మాత్రం ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజిను తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది కరెంటు పుట్టించి కారుకు వాడుతూ మిగిలింది బ్యాటరీకి పంపుతుంది. అది పడుకుంటే బండి మొత్తం బ్యాటరీ మీదే బతకాలి. బావకు లెక్కలంటే ఇష్టం. కాగితం మీద వేశాడు. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. హెడ్‌లైట్లు రెండూ కలిసి పది ఆంపియర్లు, ఇంజినుకూ పెట్రోలు పంపుకూ మరో పది. అంటే కొత్త బ్యాటరీ వేసినా చీకట్లో రెండు గంటలు కూడా గట్టిగా రాదు. మేం వెళ్లాల్సింది దాదాపు రెండొందల కిలోమీటర్లు! బ్యాటరీ కొని బయల్దేరి ఉంటే ఏ నిర్మానుష్యమైన చోటో అమ్మతో సహా రోడ్డు మీద నిలబడేవాళ్లం.

అతను ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాడు. బెల్టును వేలితో నొక్కాడు.. బిగువుగానే ఉంది, నునుపు తేలలేదు. బ్యాటరీ టర్మినళ్లకు తెల్లటి బూజు లేదు. మైనస్ నుంచి ఇంజిను బాడీకి మీటరు పెట్టి ఎర్తు చూశాడు, బాగానే ఉంది. తర్వాత ఇంజిను ఆపి, తాళం ఒక్క మెట్టు తిప్పమన్నాడు. ఇంజిను స్టార్ట్ కాకముందు ఎర్రలైటు నిండుగా వెలగాలి. మాది మిణుకుమంటోంది. కీలకం అక్కడే ఉందట. పాత కార్లలో ఆ లైటు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ను నిద్రలేపుతుంది. దారిలో సన్నవైరు తెగినా, లోపల కార్బన్లు అరిగినా లైటు ఇలా మొరాయిస్తుంది.

సన్నవైరు ప్లగ్గు ఊడదీసి తుడిచి పెట్టాడు. మార్పు లేదు. ఇంజిను నడుస్తుండగా స్క్రూడ్రైవర్ పిడితో ఆల్టర్నేటర్ వీపు మీద మెల్లగా రెండు దెబ్బలు.. మీటరు ఒక్కసారిగా 14.1! కాసేపటికి మళ్లీ 12. ‘కార్బన్లే’ అన్నాడు. విప్పి చూస్తే వేలి గోరంత కూడా మిగల్లేదు. ఇంజిను నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి చూసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. కారులో కంప్యూటరు, ఆల్టర్నేటర్‌లో డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. మీ కారుకు అలా చేయబోతే వద్దనండి. ఇప్పటి కొన్ని కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో మీటరు కాసేపు 13 లోపు చూపినంత మాత్రాన జబ్బు కాదు.

కార్బన్ల కోసం కుర్రాడిని బండి మీద మానుకోట పంపాడు. అతను వచ్చేలోగా మేం గుడికెళ్లాం. అమ్మ అక్క చెయ్యి పట్టుకోకుండానే నడిచింది, కాస్త మెల్లగా. స్వామి మీసాలు చూసి చిన్నపిల్లలా నవ్వింది. పక్కనే భద్రకాళి అమ్మవారి దర్శనం కూడా అయ్యాక, కొబ్బరి చిప్పలతో తిరిగొచ్చాం.

కార్బన్లు బిగించి, హెడ్‌లైట్లు, ఏసీ, వైపర్లు అన్నీ ఒకేసారి వేయించాడు. మీటరు 13.9 దగ్గర కదలకుండా నిలబడింది. బిల్లు వందల్లోనే తేలింది. ఇంకొంచెం ఇవ్వబోతే తీసుకోకుండా అమ్మ చేతిలోని కొబ్బరి చిప్ప ఒకటి తీసుకుని, ఎదురుచూస్తున్న ట్రాక్టరు బానెట్ ఎత్తాడు.

కురవి వెళ్లాలనుకునేవారికి: రైల్లో అయితే మహబూబాబాద్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు పది కిలోమీటర్లు.