అమ్మీ కంటి పర్దా

ఫజర్ తర్వాత ఖురాన్ షరీఫ్ తెరిచిన అమ్మీ, "బేటా, హర్ఫాఁ టేఢే దిఖ్‌రే" అన్నది. అక్షరాలు వంకర పోతున్నయట. పన్నెండేళ్ల షుగర్. చత్వారమే అనుకున్నం. అద్దాలు మార్చినం. ఫాయిదా లేదు.

నెలల తర్వాత డాక్టర్ సాబ్ చూసి, "ఆంఖ్ కా పర్దా వాచింది, కంట్లో ఇంజెక్షన్ ఇయ్యాలె" అన్నడు. రెటీనానే మనం పర్దా అంటం గదా.

"ఆంఖ్ మే సుయీ? తౌబా!" అని అమ్మీ ఇంటికొచ్చేసింది.

ఆ రాత్రి కూసొని వెదికిన. 1994లో అమెరికా డాక్టర్ లాయిడ్ పాల్ ఐయెల్లో, సాథీలతో కలిసి రాసిన పరిశోధన దొరికింది. 164 మంది పేషెంట్ల కంటి లోపలి ద్రవాన్ని పరీక్షించిన్రు. షుగర్ వల్ల కొత్త రక్తనాళాలు మొలుస్తున్న కళ్లల్ల వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఎక్కువుంది. లేజర్ పనిచేసినంక తగ్గింది. అది ఎక్కువైతే నాళాలు కారుతయి, పర్దా వాస్తది. ఇప్పటి సూదిమందు ఆ ప్రొటీన్‌నే అడ్డుకుంటది.

పొద్దున అమ్మీకి చెప్పిన: "కన్ను పొడవడానికి కాదమ్మీ, కారే నల్లా బంద్ చేయడానికి."

కాసేపు తస్బీ తిప్పి, "చల్, బిస్మిల్లా" అన్నది.

కుడికన్ను హర్ఫాఁ సీదా అయినయి, అల్‌హమ్‌దులిల్లాహ్. ఎడమకన్నుకు దేర్ అయింది. ఆ చూపు రాలె. లోకం ఖబర్లు రాసే నేను అమ్మీ కంటి ఖబర్ తీసుకోలె.

ఈ బీమారీ మొదట్ల నొప్పుండదు, చూపూ తగ్గదు. ఇంట్ల షుగరున్న అమ్మీ, అబ్బాలుంటే, చూపు బాగున్నప్పుడే ఏటా ఒకసారి పర్దా చూపించండి.