మలుపులో ఇసుక

మీ ఇంట్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాడున్నాడా? వాడి జీన్సు ప్యాంటు కుడి మోకాలి దగ్గర గుండ్రంగా అరిగి కనిపిస్తే, ఇదీ ఓ ఫ్యాషనేమోలే అని వాషింగ్ మిషన్లో పడేయకండి. నేనలాగే పడేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారి అరుగుడు కాస్తా చిల్లయి, లోపల చర్మం కూడా గీరుకుపోయి ఉంటే అప్పుడు అడిగాను. "కాలేజీ మెట్ల మీద పడ్డానమ్మా" అన్నాడు. మెట్ల మీద పడితే ముందు అరచేతులు కదండీ గీరుకునేది!

రెండ్రోజుల తర్వాత గోంగూర పచ్చడి ఫోటో మా చెల్లెలికి పంపుదామని వాడి ఫోను తీసుకుంటే గుట్టు బయటపడింది. మా భవానీపురం పక్కనే కుమ్మరిపాలెం దగ్గర ఎక్కితే ఇంద్రకీలాద్రి కొండ చుట్టూ వంపు తిరిగి రాజీవ్ గాంధీ పార్కు దగ్గర దిగే కనకదుర్గ ఫ్లైఓవర్ మీకు తెలుసుగా, 2020 అక్టోబరులో తెరిచారు. ఆ వంపులో, తెల్లవారుజామున, మావాడు. బండి పక్కకి ఒరిగిపోయి ఉంది. వీడు సీటు మీంచి సగం కిందికి జారి, మోకాలు రోడ్డుకి ఆనించి, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు ముందుకి చూస్తున్నాడు. హెల్మెట్ ఒక్కటీ ఉంది, అదే నయం.

మావారు చూసి ఒక్కటే మాట అన్నారు. "రేపు బండి అమ్మేస్తున్నాను." తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం ఆ పూటతో ఆగిపోయింది. మధ్యలో నేను... "అన్నానికి రమ్మను", "వచ్చానని చెప్పు" అంటూ ఇద్దరికీ టెలిఫోను తీగలా!

నా భయం వేరు. మా తమ్ముడు ఇంటర్ తప్పిన ఏడాది, 1998లో, యమహా ఆర్.ఎక్స్.100 మీద పామర్రు వైపు వెళుతూ కాలవ గట్టు మలుపులో పడ్డాడు. రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మన డెల్టాలో అదేం వింత కాదు, పంట చేతికొచ్చే రోజుల్లో సగం రోడ్డు కళ్ళమే. వాడు వేగంగానూ పోలేదట. వాలిన చక్రం కింద గింజలు దొర్లాయి, అంతే. ఈ రోజుకీ వాడు ఎడమ కాలు ఈడుస్తాడు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. కానీ తెలిసినంత మాత్రాన కుర్రాళ్ళు ఆగుతారా? "మామయ్యకి టెక్నిక్ తెలీదమ్మా" అంటాడు వీడు.

ఆ మాటకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత, సరే, ఆ టెక్నిక్ ఏమిటో తెలుసుకుందామనిపించింది. ఓ మధ్యాహ్నం మావారు ఆఫీసులో ఉండగా కూర్చోబెట్టి, "ఒరేయ్ నాన్నా, తిట్టను, ఒట్టు. అసలు బండి ఎందుకలా వాలుస్తారో చెప్పు" అన్నాను. మొదట ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. తర్వాత మొదలెట్టాడు చూడండి, పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఇద్దరికీ తెలియలేదు.

2023 సెప్టెంబరులో ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ మీద మోటోజీపీ పోటీ జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. మార్కో బెజెక్కి అనే ఇటలీ కుర్రాడు గెలిచాడు. ఆ వీడియో పెట్టాడు. మలుపులో ఆ బండ్లు అరవై డిగ్రీలు దాటి వాలతాయట! నిలువుగా ఉన్న బండి సున్నా, నేలమీద పడుకున్నది తొంభై. మరి అరవై అంటే పడిపోయినట్టే కదా? మోకాలు, మోచెయ్యి కూడా నేలకి రాసుకుంటున్నాయి. మోకాలు బయటికి పెట్టడం 1970లలో ఫిన్లాండు వాడు యార్నో సారినెన్, అమెరికా వాడు కెన్నీ రాబర్ట్స్ పేరుకి తెచ్చిన పద్ధతి. ఈ మోచేతి పద్ధతిని స్పెయిన్ వాడు మార్క్ మార్కెజ్ మామూలు సంగతి చేశాడు. సారినెన్ 1973లో మోంజా రేసులోనే పోయాడని మావాడు చెప్పలేదు, నేనే తర్వాత తెలుసుకున్నాను.

నేను అనుకున్నట్టు ఆ వేలాడడం షోకు కాదు. మనిషి బరువు లోపలివైపు వేలాడితే, అదే వేగానికి బండి కొంచెం తక్కువ వాలితే సరిపోతుంది. అంటే బండి కాస్త నిటారుగా ఉండడం కోసం మనిషి కిందికి జారతాడు. మోకాలికి ప్లాస్టిక్ బిళ్ళ, స్లైడర్ అంటారు, కట్టుకుంటారు. అది నేలకి తగిలితే ఎంత వాలామో తెలుస్తుంది, అదొక కొలబద్ద. మావాడికి ఆ బిళ్ళ లేదు, ప్యాంటే కొలబద్ద!

ఇక్కడే నా పాత చదువు లేచి కూర్చుంది. నేను ఇంటర్ ఎం.పి.సి. సెకండియర్ పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్ళయింది. ఫిజిక్సు అంటే ప్రాణంగా ఉండేది. రోడ్డు మలుపుల్లో ఎందుకు ఒకవైపు ఎత్తుగా కడతారనే పాఠం గుర్తుందా మీకు? వేగం వర్గాన్ని మలుపు వ్యాసార్థంతోనూ, భూమి ఆకర్షణతోనూ భాగిస్తే వాలాల్సిన కోణానికి ట్యాన్ విలువ వస్తుంది. పాలవాడి లెక్కలు రాసే పుస్తకంలోనే వేశాను. 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకి 40 కిలోమీటర్లతో పోతే దాదాపు 18 డిగ్రీలు వాలాలి. 60తో పోతే 35. 72తో పోతే 45 దాటింది. టైరు మందం వల్ల అసలు బండి ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువే వాలాలని మావాడు సవరించాడు. ఒప్పుకున్నాను. కానీ వేగం ఒకటిన్నర రెట్లయితే పట్టు రెండుంబావు రెట్లు కావాలన్నది వాడు ఎప్పుడూ లెక్క వేసి చూడలేదు. బీటెక్ మూడో సంవత్సరం!

"ఆ పట్టు ఎక్కణ్ణించి వస్తుందిరా?" అన్నాను. టైరు నించి. రేసు టైరు మెత్తటి రబ్బరు. దానికి కరెంటు దుప్పటి చుట్టి వేడి చేసి మరీ బయటికి తీస్తారు. బెల్లం పాకం చల్లారితే రాయి, వేడిగా ఉంటే వేలికి అంటుకుని తీగ సాగుతుంది కదా, ఆ రబ్బరూ అంతే. మనం మార్కెట్‌కి వెళ్ళే బండి టైరు గట్టిది, ఎక్కువ రోజులు మన్నడానికి చేసింది. మంచి పొడి తారు రోడ్డు మీద దానికి ఘర్షణ గుణకం ఎనిమిది పదోవంతులు అనుకుంటే 38, 39 డిగ్రీల దగ్గర హద్దు. అరవై ఎక్కడ, ఇదెక్కడ!

ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది. టైరు పట్టు ఒకటో తారీఖు జీతం లాంటిదట. వాలడానికీ అందులోంచే ఖర్చు, బ్రేకుకీ అందులోంచే ఖర్చు. మొత్తం వాలడానికే పెట్టేస్తే, అడ్డంగా కుక్క వచ్చినప్పుడు బ్రేకు వెయ్యడానికి పైసా మిగలదు. అందుకే రేసు వాళ్ళు నిటారుగా ఉన్నప్పుడే గట్టి బ్రేకు వేసి, బండి వాలేకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతారు. చూపు కూడా అంతే. ఎటు చూస్తే బండి అటే పోతుంది. గుంటని చూస్తూ కూర్చుంటే గుంటలోకే. ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, యాక్టివా నేర్చుకున్న కొత్తలో చెత్తకుండీనే చూస్తూ వెళ్ళి దానికే గుద్దాను.

కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్ని ముందుకి నెట్టాలి అన్నప్పుడు మాత్రం నమ్మలేదు. మర్నాడు ఖాళీ రోడ్డు మీద ముప్ఫై వేగంలో మెల్లగా నెట్టి చూశాను. నిజమేనండీ! బండి కుడికే వాలింది. ఇన్నేళ్ళూ తెలియకుండానే చేస్తున్నానన్నమాట.

ఆ ఉదయమే వాణ్ణి వెంటబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కేచోటికి వెళ్ళాను. కృష్ణ ఇసుక లారీలూ ట్రాక్టర్లూ తిరిగే దారి. రోడ్డు అంచున వంగి గుప్పెడు ఇసుక తీసి వాడి చేతిలో పోశాను. "దీని మీద నీ ఎనిమిది పదోవంతులు ఎన్నవుతాయిరా?" అన్నాను. మాట్లాడలేదు. 2021 సెప్టెంబరులో హీరో సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్‌లో కేబుల్ బ్రిడ్జి దగ్గర పడిందీ ఇలాంటి ఇసుక మీద బండి జారే. హెల్మెట్ ఉండబట్టి బయటపడ్డాడు. ఇసుక విదిలించుకుని "ట్రాక్ మీద ఇసుక ఉండదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఇంటికొచ్చాక ఆ మాటే తిరిగింది బుర్రలో. నా చీటీ పాడిన డబ్బుంది. గాజులు చేయించుకుందామని దాచింది. మావారికి చెప్పకుండా, తప్పే అనుకోండి, మద్రాసు దగ్గర శిక్షణకి ఫీజు కట్టేశాను. చెప్పాక పెద్ద గొడవయింది. "వాడి పిచ్చికి నువ్వు పెట్టుబడి పెడుతున్నావా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

పినాకినీలో నేనూ వెళ్ళాను. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది ఆ ట్రాకు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళది, 1990లో తెరిచారు, చుట్టు 3.7 కిలోమీటర్లు. ఎండ, రబ్బరు వాసన, చెవులు చిల్లులు పడే మోత. కానీ ఎదురొచ్చే బండి లేదు, గేదె లేదు, స్కూలు ఆటో లేదు. జారితే దొర్లడానికి ఖాళీ జాగా, మూలమూలనా జెండాలతో మనుషులు, పక్కనే అంబులెన్సు. ఎవరూ మోకాలు ఆనించమనలేదు. బ్రేకు ఎక్కడ వదలాలి, చూపు ఎక్కడ పెట్టాలి, వాల్చడం ఎక్కడ మొదలెట్టాలి, ఇవే రోజంతా. తోలుసూటులో ఒకమ్మాయి మా వాడి కంటే చక్కగా తిప్పుతోంది. జాతీయ పోటీల్లో ఆడపిల్లలకి వేరే రేసు ఉందట. ఆ పిల్ల తల్లి ఎక్కడ కూర్చుందా అని చుట్టూ చూశాను.

మావాడు సాయంత్రం ఒకసారి జారాడు. దుమ్ము లేచింది. నేను నిలబడ్డానో, అరిచానో గుర్తులేదు. వాడు లేచి, చెయ్యి ఊపాడు. తోలుసూటు భుజం దగ్గర గీరుకుంది, వాడికేం కాలేదు. అదే జారుడు ఫ్లైఓవర్ గోడ దగ్గరయితే... ఆ రాత్రి లాడ్జిలో వాడే ఆ మాట అన్నాడు. నేనన్లేదు.

ఇప్పుడు వాడు ఫ్లైఓవర్ మీద వాల్చడంలేదు అంటాడు. నమ్ముతున్నాను, కానీ రాత్రి బండి చప్పుడు ఆలస్యమైతే ఇంకా లేచి కూర్చుంటాను. ప్యాంట్లు మోకాళ్ళు మాత్రం తిరగేసి చూస్తున్నాను.

మొన్న శుక్రవారం మావారి స్కూటరు మీద అమ్మవారి దర్శనానికి వెళ్ళి, బీసెంటు రోడ్డులో పని చూసుకుని ఫ్లైఓవర్ మీంచి తిరిగొస్తున్నాం. కొండ దగ్గర వంపు రాగానే ఆయన వేగం తగ్గించి, మెడ కొంచెం తిప్పి, "అంచున ఇసుకేమన్నా ఉందా చూడవే" అన్నారు.